‘ఈసీ’ అని ఉంటే ఏ ఈసీ? సంక్షిప్త పదాల పట్టికలో అర్థాలను ఏ వరుసలో పెట్టాలి?

ప్రశ్న: నల్లకుంట చదువరి

మా కాలనీ పఠన మందిరానికి రోజూ వచ్చేవారిలో సగం మంది పదవీ విరమణ చేసినవారు, తక్కిన సగం పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లలు. దినపత్రికలోనో, చేతిలో ఉన్న ఏదో కాగితంలోనో పొడి అక్షరాలు కనబడినప్పుడు అవి దేనికి గుర్తో అడిగేవారు రోజుకు ఒకరిద్దరైనా ఉంటారు. చెప్పిందే మళ్లీ మళ్లీ చెప్పడం కన్నా రాసి పెట్టడం మేలనిపించి, మేము నలుగురం కలిసి ఒక పట్టిక మొదలుపెట్టాం. ఒక్క అర్థమే ఉన్నవాటితో పేచీ రాలేదు. ‘సీసీఎంబీ’ వంటి వాటికి పూర్తి పేరు రాసి, అక్కడ ఏం చేస్తారో ఒక వాక్యం చేర్చి ముందుకు సాగిపోయాం. ‘ఈసీ’ దగ్గరకు వచ్చాక మాత్రం నెల రోజులుగా కదలడం లేదు.

ఎన్నికల కాలంలో ‘ఈసీ’ అంటే ఎన్నికల సంఘం. ఆ సంఘంలోని కమిషనర్‌ను కూడా అదే మాటతో అంటున్నారు. స్థలం కొనేవారికి ‘ఈసీ’ అంటే సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో తీసుకునే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్. పెద్ద నిర్మాణాల వార్తల్లో అది పర్యావరణ అనుమతి, అంటే ఎన్విరాన్‌మెంటల్ క్లియరెన్స్. విశ్వవిద్యాలయాల వార్తల్లో ఎగ్జిక్యూటివ్ కౌన్సిల్. నిత్యావసర సరుకుల అక్రమ నిల్వల కేసుల్లో 1955 నాటి ఎసెన్షియల్ కమోడిటీస్ చట్టం. ఇవి చాలవన్నట్టు, హిమాయత్‌సాగర్‌కు నీరు తెచ్చే నది పేరు కూడా పత్రికల్లో ‘ఈసీ’ అనే వస్తుంది. అది పొడి అక్షరాలు కాదు, అసలు పేరే. అయినా అచ్చులో చూస్తే తేడా ఏమీ కనబడదు.

మా నలుగురిలో నాలుగు అభిప్రాయాలున్నాయి. రాజ్యాంగంలోని 324వ అధికరణం కింద ఏర్పడిన సంస్థ కాబట్టి ఎన్నికల సంఘాన్నే మొదట పెట్టాలని ఒకరు అంటున్నారు. ఏది గొప్పదో తేల్చడం మన పని కాదు, పూర్తి రూపాలను అకారాది క్రమంలో పెట్టేస్తే ఎవరికీ అభ్యంతరం ఉండదని రెండోవారు. మందిరంలో ఎక్కువమంది అడిగేదే ముందుండాలని మూడోవారు. నాకైతే అసలు ఇవన్నీ ఒకే పదం కింద ఉండాలా, లేక ఒక్కొక్కటి వేరే పదంగా రావాలా అన్న సందేహమే ఇంకా తీరలేదు. పాత పుస్తకాల్లో ‘ఇ.సి.’ అని చుక్కలతో ఉన్నది ఇప్పుడు ‘ఈసీ’ అయింది కాబట్టి ఇకారం కింద వెయ్యాలా, ఈకారం కింద వెయ్యాలా అన్నది మరో చిక్కు. ఇలాంటి పని చేసిన అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు: పాత ప్రూఫ్‌రీడర్, బర్కత్‌పుర

అయ్యా, వరుస సంగతి తరువాత. అకారాది క్రమం ఎందుకు పనికిరాదో ముందు చెబుతాను. మీరు ఇచ్చిన పూర్తి రూపాలనే చూడండి: ఎగ్జిక్యూటివ్, ఎన్‌కంబరెన్స్, ఎన్విరాన్‌మెంటల్, ఎలక్షన్, ఎసెన్షియల్. ఒక్కటి కూడా ఈకారంతో మొదలుకాదు. రెండో మాటలో సర్టిఫికెట్‌ను పక్కన పెడితే కమిషన్, క్లియరెన్స్, కౌన్సిల్, కమోడిటీస్ అన్నీ కకారంతో మొదలవుతాయి. వాటి మొదట్లో సకారం జాడే లేదు. ‘కి.మీ.’ చూసినవాడు కిలోమీటరును ఊహించగలడు, ‘క్రీ.శ.’ చూసినవాడు క్రీస్తు శకం దాకా వెళ్లగలడు. ‘ఈసీ’ చూసినవాడికి ఆంగ్ల అక్షరాల పేర్లు మాత్రమే వినబడతాయి, ఆ అక్షరాలు ఏ మాటకు మొదలో తెలుగు లిపి చెప్పదు. పూర్తి రూపం తెలియకనే మీ పట్టిక తెరిచేవాడు, ఆ పూర్తి రూపం అకారాదిలో ఎక్కడుందని ఎలా వెతుకుతాడు?

అతని దగ్గర ఉన్నది పొడి అక్షరాలు, వాటి చుట్టూ ఉన్న వాక్యం. కాబట్టి వాక్యాన్ని బట్టి దారి చూపండి. ఈ విషయంలో మన వ్యాకరణం చేసినంత సాయం ఏ నిఘంటువూ చెయ్యదు. దాదాపు ముప్ఫై ఏళ్లు ప్రూఫులు దిద్దిన నాకు బాగా పనికొచ్చిన ఉదాహరణ ‘ఎన్జీవో’. వనస్థలిపురంలో ఎన్జీవోస్ కాలనీకి ఆ పేరు ఇచ్చిన ఎన్జీవోలు నాన్ గెజిటెడ్ ఉద్యోగులు. వరద సాయం వార్తల్లో వచ్చే ఎన్జీవోలు స్వచ్ఛంద సంస్థలు. ‘ఎన్జీవోలు సమ్మెకు దిగారు’ అంటే మనుషులు. ‘ఎన్జీవోలు ముందుకు వచ్చాయి’ అంటే సంస్థలు. క్రియ చివరి అక్షరం చూస్తే చాలు, అర్థం తేలిపోతుంది. మన పూర్వులు మహత్తు, అమహత్తు అని విడదీసింది వట్టి పరీక్షల కోసం కాదని నాకు ప్రూఫుల గదిలోనే తెలిసింది.

‘సీఈసీ’ ఇంకా ముచ్చటైనది. ‘సీఈసీ స్పష్టం చేశారు’ అంటే ప్రధాన ఎన్నికల కమిషనర్. ‘సీఈసీ స్పష్టం చేసింది’ అంటే ఒక కమిటీ. అది పార్టీ అభ్యర్థులను ఖరారు చేసే కేంద్ర ఎన్నికల కమిటీ కావచ్చు, 2025 ఏప్రిల్‌లో కంచ గచ్చిబౌలి భూముల పరిశీలనకు వచ్చిన సుప్రీంకోర్టు వారి కేంద్ర సాధికార కమిటీ కావచ్చు. ‘మా వాడు సీఈసీ తీసుకున్నాడు’ అంటే ఇంటర్మీడియట్‌లో సివిక్స్, ఎకనామిక్స్, కామర్స్. (ఆ చివరిదానిలో రెండు ‘సీ’లూ రెండు వేర్వేరు సబ్జెక్టులు కావడం, పక్కనే ఉన్న ఎంపీసీలో అదే ‘సీ’ కెమిస్ట్రీ కావడం చూస్తే, ఇంటర్ పిల్లలకు పొడి అక్షరాల విద్య ఎవరూ నేర్పనక్కర్లేదనిపిస్తుంది.)

అందువల్ల నా సలహా ఏమిటంటే, ప్రతి అర్థానికీ పూర్తి రూపం కన్నా ముందు, అది సహజంగా వచ్చే ఒక చిన్న వాక్యం ఇవ్వండి. ‘ఈసీ నోటిఫికేషన్ ఇచ్చింది’, ‘ఈసీ తీయించాను’, ‘ప్రాజెక్టుకు ఈసీ రాలేదు’, ‘ఈసీ సమావేశంలో తీర్మానించారు’. చదువరి తన చేతిలోని వాక్యాన్ని వీటితో పోల్చుకుంటాడు.

ఇకారమా, ఈకారమా అన్నదానికి పెద్ద చర్చ అవసరం లేదు. ఇప్పుడు పత్రికలు రాస్తున్న దీర్ఘరూపాన్ని ప్రధానంగా పెట్టి, ‘ఇ.సి.’ దగ్గర ‘చూ. ఈసీ’ అని ఒక ముక్క రాస్తే సరిపోతుంది. నది మాత్రం ఈ పట్టికలో ఉండకూడదని నా అభిప్రాయం. అది సంక్షిప్తం కానప్పుడు సంక్షిప్త పదాల పట్టికలో దానికి చోటెందుకు?

జవాబు: తెలుగు పంతులమ్మ, సైదాబాద్

ప్రూఫ్‌రీడర్ గారు చెప్పిన క్రియల గుర్తు చాలా బాగుంది, రేపు తరగతిలో వాడుకుంటాను. అయితే ఆ గుర్తు అన్నిచోట్లా నిలబడదు. ‘ఎన్జీవో నాయకులు హాజరయ్యారు’ అన్న వాక్యంలో క్రియ నాయకులకు చెందింది, ఎన్జీవోకు కాదు. శీర్షికల్లోనైతే క్రియే ఉండదు. అందుచేత వాక్యం ఒక్కటే చాలదు, పట్టిక నిర్మాణం కూడా చదువరికి సాయపడాలి.

అడిగినవారి అసలు ప్రశ్న, ఒకే పదమా వేర్వేరు పదాలా అన్నది. దీనికి నిఘంటువులు చేసేవారి దగ్గర స్పష్టమైన పద్ధతి ఉంది. నానార్థాలున్న పదం వేరు, రూపం కలిసిపోయిన వేర్వేరు పదాలు వేరు. సంస్కృత కోశాలు ‘హరి’ శబ్దానికి విష్ణువు, సింహం, కోతి, గుర్రం, కప్ప అని ఒకే చోట వరసగా చెబుతాయి, ఎందుకంటే అక్కడ శబ్దం ఒకటి. ‘ఈసీ’ అలాంటిది కాదు. ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్టు, ఎగ్జిక్యూటివ్ కౌన్సిలు ఏనాడూ ఒక పదం కావు. కురచ చేసినప్పుడు వాటి తలలు మాత్రం ఒక్కలా మిగిలాయి. ఊళ్లో ఒకే ఇంటిపేరున్నంత మాత్రాన అందరూ ఒక కుటుంబం వారు కారు కదా. కాబట్టి పూర్తి రూపం మారిన ప్రతిచోటా వేరే ఆరోపం ఇచ్చి ఈసీ-1, ఈసీ-2 అని అంకె వేయండి. (నిఘంటువులో వివరణకు తలగా నిలిచే పదాన్ని ఆరోపం అంటారు.)

పూర్తి రూపం ఒకటే అయినా, ఒకదాని నుంచి ఒకటి పుట్టినదైనా, సూచించే వస్తువు మారినంత మాత్రాన విడదీయకండి. ఎన్నికల కమిషన్, ఎన్నికల కమిషనర్ రెండూ ఒకే ఆరోపం కింద (అ), (ఆ) అని ఉండవచ్చు. ఇంకా మంచి ఉదాహరణ మన ఈసీఐఎల్. 1967లో ఏర్పడిన ఎలక్ట్రానిక్స్ సంస్థ పేరది. ‘ఈ బస్సు ఈసీఐఎల్ వెళ్తుందా?’ అని అడిగేవారికి కావలసింది మాత్రం ఆ చౌరస్తా. సంస్థ పేరు నుంచే చౌరస్తాకు పేరు వచ్చింది కాబట్టి అది నిజంగా నానార్థం, ఒకే ఆరోపంలో ఉండాలి.

నేను చెప్పదలచుకున్న మరో సంగతి ఏమిటంటే, ఈ తంటా ఆంగ్లం నుంచి వచ్చిన వాటితోనే అనుకోవద్దు. మన సొంత సంక్షిప్తాలు ఏమీ తక్కువ తినలేదు. పద్యకావ్యం తెరిస్తే ‘ఉ.’ అంటే ఉత్పలమాల, వ్యాకరణ పుస్తకంలో ఉదాహరణ, ఆహ్వాన పత్రికలో ఉదయం. ‘మ.’ అంటే మత్తేభం, పెళ్లి పత్రికలో మధ్యాహ్నం. పదో తరగతి పిల్ల ఒకతె ‘చ.’ అన్నది చూసి చంపకమాలకు బదులు చదరపు అని చదివితే తరగతంతా నవ్వింది గాని, స్థలాల ప్రకటనల్లో ‘చ.గ.’ చూసి పెరిగిన పిల్ల మరెలా చదువుతుంది?

వీటన్నిటికన్నా దారుణమైనది ‘సం.’. సంవత్సరం, సంపుటం, సంచిక, సంపాదకుడు, సంస్కృతం, ఇన్నింటికీ అదే గుర్తు. పరిశోధక విద్యార్థులు పాత సాహిత్య పత్రికలోని వ్యాసాన్ని ఉటంకించేటప్పుడు సంపాదకుడి పేరు పక్కన ఒక ‘సం.’, తరువాత సంపుటానికి ఒక ‘సం.’, సంచికకు ఒక ‘సం.’ వేసి, చివర అంకె పక్కన సంవత్సరానికి మరొక ‘సం.’ వేసిన పంక్తులు నేను స్వయంగా దిద్దాను. ఒకే పంక్తిలో నాలుగు! ఇక్కడ క్రియ లేదు, రంగం ఒక్కటే, కాగితం ఒక్కటే. అర్థం తెలిపేది స్థానం మాత్రమే: పేరు పక్కన ఉంటే సంపాదకుడు, నాలుగు అంకెల పక్కన ఉంటే సంవత్సరం, చిన్న అంకెలు రెండు వరసగా ఉంటే మొదటిది సంపుటం, రెండోది సంచిక. మీ పట్టికలో ‘సం.’ చేరిస్తే అర్థాలతో పాటు ఈ స్థానాలు కూడా రాయక తప్పదు.

నది విషయంలో ప్రూఫ్‌రీడర్ గారితో ఏకీభవించలేకపోతున్నాను. పట్టిక ఉన్నది చదువరి సందేహం తీర్చడానికి. ‘మూసీ, ఈసీ పరీవాహక ప్రాంతం’ అన్న వార్త చదివి, ఎన్నికల సంఘానికి పరీవాహక ప్రాంతం ఏమిటని తికమకపడేవాడు వచ్చి వెతికేది ఈ పట్టికలోనే. అది సంక్షిప్తం కాదని చెప్పడం కూడా సమాధానమే.

జవాబు: దస్తావేజు లేఖరి, ఎల్బీ నగర్

నమస్కారం. పండితుల చర్చలో నాలాంటివాడు కలుగజేసుకోవచ్చో లేదో గాని, ‘ఈసీ’ అన్న మాట ఇక్కడ అందరికన్నా ఎక్కువసార్లు పలికేవాణ్ణి నేనే అయి ఉంటాను.

మీరందరూ పూర్తి రూపం రాస్తే అర్థం తెలిసిపోతుందన్నట్టు మాట్లాడుతున్నారు. నా దగ్గరకు వచ్చేవారిలో ‘ఈసీ’ తెలియనివారు లేరు, ‘ఎన్‌కంబరెన్స్’ తెలిసినవారు నూటికి ఒకరో ఇద్దరో. పొడి అక్షరాలే అసలు మాట అయిపోయి, పూర్తి మాట ఎవరికీ అక్కరలేని వస్తువైపోయింది. అలాంటప్పుడు ‘ఈసీ: ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్’ అని రాసి వదిలేస్తే, తెలిసినదాన్ని తెలియనిదానితో వివరించినట్టు అవుతుంది. ఫలానా ఆస్తి మీద ఫలానా తేదీల మధ్య రిజిస్టరైన అమ్మకాలు, తనఖాలు, దానపత్రాలు మొదలైన లావాదేవీల వివరం ఇచ్చే పత్రమని రాయండి. రిజిస్టరు కాని ఒప్పందాలు అందులో కనబడవని కూడా ఒక ముక్క చేర్చండి; ఈసీ ఖాళీగా వచ్చింది కాబట్టి ఆస్తి మీద ఏ చిక్కూ లేదనుకుని బయానా ఇచ్చేసినవారిని చూశాను. 13 ఏళ్ల ఈసీ, 30 ఏళ్ల ఈసీ అని బ్యాంకులవారు అడిగేది కూడా ఈ తేదీల మధ్య కాలాన్నే.

రెండో సంగతి. అర్థాలను రంగాలవారీగా పెడితే సరిపోతుందని మీలో ఎవరికైనా ఆలోచన ఉంటే, అది మా దగ్గర చెల్లదు. 20,000 చదరపు మీటర్లు, అంతకు మించిన నిర్మిత విస్తీర్ణం ఉన్న కట్టడానికి 2006 నాటి నోటిఫికేషన్ ప్రకారం ముందుగా పర్యావరణ అనుమతి కావాలి. అంటే పెద్ద అపార్ట్‌మెంటు సముదాయంలో ఫ్లాటు కొనేవాడి ముందు పెట్టే ఒకే కాగితాల కట్టలో రెండు ఈసీలు ఉంటాయి: ఒకటి భూమి మీది లావాదేవీలది, ఒకటి పర్యావరణానిది. రెండూ స్థిరాస్తి రంగానివే. రెండింటికీ ‘ఈసీ వచ్చింది’ అనే అంటారు. ‘ఈసీ ఉందా?’ అని కొనేవాడు అడిగితే, అమ్మేవాడు ‘ఉంది’ అంటాడు. ఎవరి మనసులో ఏ ఈసీ ఉందో దేవుడికే తెలియాలి. ప్రూఫ్‌రీడర్ గారి వాక్యం కూడా అక్కడ ఓడిపోతుంది. తేడా తేల్చేది ఒక్కటే, ఆ కాగితం ఎవరు ఇచ్చారన్నది. సబ్ రిజిస్ట్రార్ ఇస్తే ఒకటి, పర్యావరణ మదింపు అధికార సంస్థ ఇస్తే మరొకటి. కాబట్టి కాగితాల పేర్లకు ‘ఇచ్చేవారు’ అన్న వివరం తప్పనిసరిగా పెట్టండి.

‘ఓసీ’కి కూడా ఇదే పద్ధతి పనికొస్తుంది. మున్సిపల్ అధికారులు ఇచ్చే ఓసీ ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, అంటే కట్టడం అనుమతి ప్రకారమే పూర్తయింది, ఇక కాపురం ఉండవచ్చు అనే పత్రం. కాలేజీ ప్రవేశాల జాబితాలో ఓసీ రిజర్వేషన్ వర్తించని వర్గం. గోదావరిఖని నుంచి వచ్చిన మా వియ్యంకుడికి ఓసీ అంటే బొగ్గు ఉపరితల గని. పెళ్లిచూపుల నాడు ‘మాది ఓసీ పక్కనే ఇల్లు’ అని ఆయన అంటే, మేము మరోలా అర్థం చేసుకుని కొంతసేపు మాట పడిపోయి కూర్చున్నాం.

జవాబు: ల్యాబ్ టెక్నీషియన్, మలక్‌పేట

ఎక్కువమంది అడిగేదే ముందు పెట్టాలన్న మూడోవారి మాట గురించి ఒక అనుభవం చెబుతాను. ‘ఎక్కువ’ అన్నది మనం ఎక్కడ నిలబడ్డామో దాన్ని బట్టి మారుతుంది. మా ల్యాబులో ‘ఎంసీహెచ్’ అంటే రక్త పరీక్షలో ఒక గీత: ఒక్కో ఎర్ర రక్తకణంలో సగటున ఎంత హిమోగ్లోబిన్ ఉందో పికోగ్రాముల్లో చెప్పే లెక్క, మామూలుగా 27 నుంచి 33 వరకు ఉంటుంది. దాని కిందనే ఎంసీహెచ్‌సీ అని మరో గీత ఉండి చూసేవారిని ఇంకా కంగారు పెడుతుంది. గర్భిణులకు ఎంసీహెచ్ అంటే మాతాశిశు ఆరోగ్య కేంద్రం. శస్త్రచికిత్సలో ఎం.ఎస్. తరువాత చదివే పెద్ద చదువు కూడా ఎంసీహెచ్. ఒకసారి ఒక పెద్దాయన రిపోర్టు పట్టుకుని, ‘ఇందులో ఎంసీహెచ్ తక్కువని ఎందుకు రాశారు? మా ఇంటి పన్ను మొత్తం కట్టేశాను’ అన్నారు. నవ్వు ఆపుకొని చూస్తే ఆయన తప్పేమీ లేదనిపించింది. ఆయన జీవితమంతా ఎంసీహెచ్ అంటే మున్సిపల్ కార్పొరేషన్ ఆఫ్ హైదరాబాదే.

ఆ కార్పొరేషన్ ఇప్పుడు లేదు. చుట్టుపక్కల మున్సిపాలిటీలను కలుపుకొని 2007 ఏప్రిల్‌లో జీహెచ్ఎంసీ అయింది. అంతమాత్రాన ఆ అర్థాన్ని పట్టికలోంచి తీసేయగలమా? పాత క్రయ దస్తావేజుల్లో ఇంటి నంబరు ముందు ‘ఎం.సి.హెచ్. నం.’ అని ఇప్పటికీ ఉంటుంది, ఆ కాగితాలు ఇంకా చేతులు మారుతూనే ఉన్నాయి. కాబట్టి వాడుక ఆగిపోయిన అర్థాన్ని తీసేయకుండా, ‘2007 వరకు’ అని సంవత్సరం వేయడం సరైన పని. బండ్ల నంబరు పలకల మీది ‘టీఎస్’కు కూడా అదే వర్తిస్తుంది. 2024 మార్చి నుంచి కొత్త బండ్లకు ‘టీజీ’ వచ్చినా, అంతకు ముందు రిజిస్టరైన బండ్లు ‘టీఎస్’తోనే తిరుగుతున్నాయి.

చుక్కల సంగతి కూడా ప్రూఫ్‌రీడర్ గారు తేలికగా తీసేశారనిపించింది. వైద్యుల పేరు పలకల మీద ఆ చదువును సరిగ్గా రాసేవారు ‘ఎం’ తరువాత మాత్రమే చుక్క పెట్టి, ‘సీహెచ్’ను కలిపి ఒకే ముక్కగా రాస్తారు. లాటిన్ భాషలో శస్త్రచికిత్సకు ఉన్న ‘కిరుర్జియా’ అనే మాట మొదటి రెండు అక్షరాలవి; విడదీస్తే అర్థం పోతుంది. మున్సిపల్ కార్పొరేషన్‌కు మూడు అక్షరాలూ మూడు మాటలు కాబట్టి మూడు చుక్కలూ ఉండేవి. పత్రికలు చుక్కలు తీసేసినప్పుడు ఈ తేడా చెరిగిపోయింది. కనుక చుక్కలు లేని రూపాన్నే ఆరోపంగా పెట్టినా, చుక్కలున్న రూపం ఏ అర్థానిదో ఆ అర్థం పక్కన చూపించడం మంచిది.

నల్లకుంట చదువరి (తిరిగి)

అందరికీ కృతజ్ఞతలు. నిన్న సాయంత్రం మా నలుగురం కూర్చుని మీ జవాబులు మొదటి నుంచి చివరి వరకు చదువుకున్నాం. అకారాది క్రమం అన్నవారు తమ మాట వెనక్కి తీసుకున్నారు. ఎన్నికల సంఘమే ముందుండాలన్నవారు మాత్రం ఇంకా పట్టు విడవలేదు గాని, వేర్వేరు ఆరోపాలు అయ్యాక అంకె ఒకటి వచ్చినంత మాత్రాన గౌరవం పెరగదు, రెండు వచ్చినంత మాత్రాన తగ్గదు అని చెబితే కొంత మెత్తబడ్డారు. మా మందిరానికి పత్రిక చదవడానికి వచ్చేవారి కన్నా కాగితం పట్టుకొని వచ్చేవారికే తొందర ఎక్కువ, పొరపాటు పడితే నష్టం కూడా వారికే ఎక్కువ. అందుకని చేతికి వచ్చే కాగితాలు ముందు, సంస్థలు తరువాత, చట్టాలు చివర అన్న వరుస పెట్టుకున్నాం. ఇది మా మందిరానికి పెట్టుకున్న వరుస మాత్రమే. పత్రికా కార్యాలయంలో చేసే పట్టికకు ఇది తిరగబడవచ్చు. ముసాయిదా ఇలా ఉంది:

ఈసీ-1. ‘30 ఏళ్ల ఈసీ తీయించాను.’ ఒక ఆస్తి మీద అడిగిన కాలంలో రిజిస్టరైన లావాదేవీల వివరం తెలిపే పత్రం. రిజిస్టరు కానివి ఇందులో ఉండవు. ఇచ్చేవారు: సబ్ రిజిస్ట్రార్. పూర్తి రూపం: ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్. ఈసీ-2తో పొరబడవద్దు.

ఈసీ-2. ‘ప్రాజెక్టుకు ఈసీ వచ్చింది.’ పెద్ద కట్టడాలు, గనులు, పరిశ్రమల వంటివి మొదలుపెట్టే ముందు తీసుకోవలసిన పర్యావరణ అనుమతి. ఇచ్చేవారు: ప్రాజెక్టు స్థాయిని బట్టి కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ లేదా రాష్ట్రస్థాయి పర్యావరణ మదింపు అధికార సంస్థ. పూర్తి రూపం: ఎన్విరాన్‌మెంటల్ క్లియరెన్స్.

ఈసీ-3. (అ) ‘ఈసీ నోటిఫికేషన్ ఇచ్చింది.’ ఎన్నికల సంఘం. (ఆ) ‘ఇద్దరు ఈసీలు హాజరయ్యారు.’ ఎన్నికల కమిషనర్. ప్రధాన కమిషనర్‌కు చూ. సీఈసీ.

ఈసీ-4. ‘ఈసీ సమావేశంలో తీర్మానించారు.’ విశ్వవిద్యాలయ పాలక మండలి, ఎగ్జిక్యూటివ్ కౌన్సిల్.

ఈసీ-5. ‘ఈసీ చట్టం కింద కేసు పెట్టారు.’ నిత్యావసర సరుకుల చట్టం, 1955.

వీటి కింద అంకె లేకుండా, ‘ఈసీ: మూసీకి ఉపనది. సంక్షిప్తం కాదు’ అని ఒక పంక్తి చేర్చాం. 1908 వరదల తరువాత నగరాన్ని కాపాడటానికి మూసీ మీద ఉస్మాన్‌సాగర్, దీని మీద హిమాయత్‌సాగర్ కట్టారన్న వివరం కూడా రాద్దామని ఒకరు అన్నారు గాని, పొడి అక్షరాల పట్టిక చరిత్ర పుస్తకం అయిపోతుందని ఆపేశాం.

ఒక్క సందేహం మిగిలింది. ఐదో అర్థం ‘చట్టం’ అనే మాట తోడు లేకుండా మా కంట ఎక్కడా పడలేదు. అలాంటప్పుడు దాన్ని ‘ఈసీ’ కింద ఉంచాలా, ‘ఈసీ చట్టం’ అని వేరే ఆరోపం చేయాలా?

పాత ప్రూఫ్‌రీడర్, బర్కత్‌పుర

వేరే ఆరోపమే చేయండి. తోడు లేకుండా రాని మాటను ఆ తోడుతోనే చూపాలి. సీసీ రోడ్డు, సీసీ కెమెరా, 150 సీసీ బండి, బ్యాంకువారి సీసీ ఖాతా, అన్నీ అంతే. రోడ్డు, కెమెరా అన్న మాటలు చూసిన తరువాత ఎవరూ తికమకపడరు. వట్టి ‘సీసీ’ కింద మిగిలేవి కోర్టు కాగితాల్లో కేసు నంబరు ముందు వచ్చేవి మాత్రమే, వాటిలో మేజిస్ట్రేటు కోర్టుదైతే క్యాలెండర్ కేసు, హైకోర్టుదైతే కోర్టు ధిక్కార కేసు. అక్కడ దస్తావేజు లేఖరి గారి ‘ఇచ్చేవారు’ పద్ధతి చక్కగా సరిపోతుంది.

నది గురించి పంతులమ్మ గారి మాటే నెగ్గింది, సంతోషం. అయితే ఆ పంక్తిని ఐదింటి కింద కాకుండా పైన పెట్టండి. ఏటి పేరు వెతుక్కుంటూ వచ్చినవాడు అన్ని కాగితాలూ దాటుకుని కిందికి దిగవలసిన పని ఉండదు.